మీటరు పెట్టె మీద సగం చుట్ట

దాలమ్మది జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ బజారులో ఒక నగల కొట్టు ఊడ్చే పని. నగల కొట్టు ఊడవడం మామూలు ఊడుపు కాదు. అక్కడ దుమ్ము బయట పారబోయరు. ఊడ్చినదంతా ఒక డబ్బాలో పోసి సేఠ్‌కి అప్పజెప్పాలి. అందులో ఏ బంగారు రజనో ఉండకపోతుందా అని ఆయన ఆశ. "మా సేఠ్ మట్టికి కూడా తాళం ఏత్తాడు" అని దాలమ్మ తానుండే పర్సుడీహ్‌లో ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వించేది. అలాంటి కొట్టులో ఏళ్ల తరబడి చీపురు పట్టిన మనిషిని ఒకరోజు ముక్కుపుడక మింగేసిందన్నారు. చెప్పింది మనిషి కాదు, కెమెరా అన్నారు. కథ మొదలుపెట్టాల్సింది అక్కడే గానీ, ముందు దాలమ్మ చుట్ట సంగతి చెప్పకపోతే ఎవరికీ ఏమీ బోధపడదు.

ఆమెది టెక్కలి దగ్గర పల్లె. ఆ వైపు ఆడవాళ్లు చుట్ట కాల్చే తీరు వేరు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. కొత్తగా చూసేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది గానీ అలవాటున్నవాళ్లకి నాలుక కాలదు. ఎందుకలా కాలుస్తారంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. పొలం గాలికి నిప్పు ఆరిపోకుండా అంటారు కొందరు, ఒళ్లో పిల్ల మీద నిప్పు రాలకుండా అంటారు మరికొందరు. దాలమ్మ తల్లి చెప్పిన కారణం ఇంకోటి. మామగారు ఎదురైతే కొంగు అడ్డం పెట్టుకుని తలొంచుకుంటే చాలు, చుట్ట ఉన్నట్టే తెలియదట. ఇంటెడు చాకిరీలో ఆడదానికి తనదంటూ మిగిలేది ఆ కాస్త నిప్పే, దాన్ని ఒకరికి చూపించాల్సిన పనేముంది అనేది ఆవిడ.

అసిరయ్యని పెళ్లి చేసుకుని టాటానగర్ స్టేషన్లో దిగిననాడు దాలమ్మ ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఊరి పొగాకు కట్ట ఒకటి ఉంది. అసిరయ్యకి ఉక్కు ప్లాంటులో ఠేకాదారు కింద కాంట్రాక్టు పని. పర్సుడీహ్‌లో చిన్న పెంకుటిల్లు, వెనక బట్టలుతికే బండ. కొత్త పెళ్లికూతురు ఆ బండ మీద ఉలుకూ పలుకూ లేకుండా కూచోవడం చూసి అతను కంగారుపడ్డాడు.

"ఏటి దాలీ, నా మీద కోపమా?" అన్నాడు.

ఆమె కాదన్నట్టు తలూపింది. ఊపేసరికి ముక్కులోంచి పొగ వచ్చింది. అసిరయ్య నవ్విన నవ్వుకి పక్కింటి ఒడియావాళ్లు తలుపు తీసి చూశారు.

ఆ మర్నాటినుంచి చుట్ట ఒక్కటే, మనుషులు ఇద్దరు. అసిరయ్య షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, చుట్టని మధ్యకి విరిచి సగం ఆమెకిచ్చేవాడు. అతను నిప్పు బయటికి పెట్టి, ఆమె నిప్పు లోపలికి పెట్టి, బండకి చెరో పక్క కూచునేవారు. పగలంతా ప్లాంటులో చూసిన మనుషుల్ని అతను సాయంత్రం పెరట్లోకి పట్టుకొచ్చేవాడు. ఫోర్‌మన్ నడకని అచ్చంగా నడిచి చూపేవాడు. క్యాంటీన్లో కూర వడ్డించేవాడి పిసినారి గరిటెని తిప్పి చూపేవాడు. నోట్లో నిప్పు పెట్టుకుని నవ్వడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. దాలమ్మ అరచేత్తో పెదాలు అదిమి పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, ఇంక చాలు ఆపు అన్నట్టు సైగ చేసేది. చుట్ట బయటికి తీశాక మాత్రం, "నోట్లో నిప్పెట్టుకున్నప్పుడు నవ్వించొద్దని సెప్పనేదా మావా" అని కోప్పడేది. సుఖమంటే ఏమిటని ఎవరైనా దాలమ్మని అడిగి ఉంటే ఆ బండని చూపించేది. అడిగినవాళ్లు లేరు.

ఒక్కర్తే కూతురు, దేవి. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది, కోపం వస్తే మరీను. తల్లిదండ్రులు నోరు కట్టుకుని నర్సు చదువు చదివించారు. 2001లో అసిరయ్యకి దగ్గు పట్టుకుంటే దేవే తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. ఇంటికొచ్చి ఆ నల్లటి ఫిల్ముని కిటికీకి ఎత్తిపట్టి, తెల్లటి మచ్చ ఎక్కడుందో తల్లికి వేలు పెట్టి చూపించింది. మొగుడి గుండెలోపలి ఎముకలు అలా వెలుగులో కనబడితే దాలమ్మ చూడలేక ముఖం తిప్పుకుంది. ఏడాది తిరక్కుండా అసిరయ్య పోయాడు. కర్మకాండలు ముగిశాక దేవి తల్లి చెయ్యి లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఒట్టెయ్ అమ్మా. ఇంక చుట్ట ముట్టనని నా మీద ఒట్టెయ్."

దాలమ్మ ఒట్టేసింది. నిజంగానే మానేసింది, కొన్నాళ్లపాటు.

మళ్లీ మొదలైంది పొగాకు మీద ఆశతో కాదు. నగల కొట్టు వెనక తలుపు తీస్తే సన్నటి సందు ఉంటుంది. ఒక పక్క జనరేటరు, గోడకి కరెంటు మీటరు పెట్టె, పైన ఆకాశం. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డప్పుడు దాలమ్మ అక్కడ గట్టు మీద కాసేపు కూచునేది. ఒకరోజు అలా కూచుని ఉండగా చెయ్యి దానంతట అదే బొడ్లోకి వెళ్లింది. అక్కడేమీ లేదు. ఆ ఖాళీ చేతిని చూసుకుని ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. తరవాతి వారం, లైను ఆటో నడిపే కూర్మారావు ఊరు వెళ్తుంటే పొగాకు తెమ్మని చెప్పింది. జనరేటరు డీజిలు కంపులో చుట్ట వాసన కలిసిపోయేది. ఎవరూ పసిగట్టలేదు.

ఒట్టు తప్పానన్న బెంగ లేకపోలేదు. దేవికి తెలియనంతవరకు అది దేవికి తగలదని తనలో తాను ఒక సర్దుబాటు చేసుకుంది. దేవుడితో ఇలాంటి సర్దుబాట్లు చేసుకునేవాళ్లు లోకంలో దాలమ్మ ఒక్కర్తే కాదులెండి.

2007లో సేఠ్ కొట్టుకి కెమెరాలు పెట్టించాడు. వాటి బాధ్యత మేనేజరు భీమశంకర్‌ది. ఆయన ప్లాంటులో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కాకినాడ వైపు కుటుంబం. మెత్తటి మాట, గట్టి పట్టింపు. రూలు అన్నది ఒకటుంటే దాన్ని ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. కొట్టు లోపలి కెమెరాల గురించి సేల్స్‌మెన్‌ని నిలబెట్టి చెప్పాడు. మర్నాటినుంచి వాళ్లు తలలు దువ్వుకుని రావడం మొదలుపెట్టారు. వెనక సందులో పెట్టిన కెమెరా సంగతి మాత్రం ఎవరూ దాలమ్మకి చెప్పలేదు. ఊడ్చే మనిషికి కూడా చెప్పాలని ఎవరికీ తోచలేదు, అంతే. గోడ మీద కొత్తగా వెలిసిన ఆ నల్ల బుడిపెని ఆమె చూడకపోలేదు. ఎప్పుడూ వెలగని బల్బు అనుకుంది. బూజుకర్రతో దాని దుమ్ము దులిపింది కూడా.

ఇలా ఉండగా ఒక రవ్వ ముక్కుపుడక కనబడకుండా పోయింది. కొట్టంతా వెతికారు, దుమ్ము డబ్బా జల్లెడ పట్టారు. ఆఖరికి మెట్లకింద గదిలో టీవీ ముందు కూచుని ఆ రోజు బొమ్మలు తిప్పి చూశారు. వెనక సందు బొమ్మలో దాలమ్మ కనబడింది. బొడ్లోంచి ఏదో తీసింది, ఆ మసకలో ఏమిటో వాళ్లకి తెలియలేదు. గోడవైపు తిరిగి వొంగింది. నోట్లో పెట్టుకుంది. కొంగు మూతికి అడ్డం లాక్కుంది. దొంగ దొరికాక ఇంకా చూసేదేముందని అక్కడితో టీవీ కట్టేశారు. తరవాత ఆ ముక్కనే సేఠ్ చూశాడు, గార్డు మళ్లీ చూశాడు, సేల్స్‌మెన్ వంతులేసుకుని చూశారు.

భీమశంకర్ ఆమెని గదిలోకి పిలిచాడు.

"దాలమ్మా, నిన్న మధ్యాహ్నం వెనక సందులో నోట్లో ఏం వేసుకున్నావు?"

"ఏటీ నేదు బాబూ."

"కెమెరాలో చూసే అడుగుతున్నాను."

"ఏ కెమెరా బాబూ?"

"నువ్వు బూజుకర్రతో దులుపుతుంటావే, అది."

తమలపాకు వేసుకున్నానని అబద్ధమాడితే గట్టెక్కేదేమో. ఆ క్షణంలో ఆమెకి తోచలేదు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది గానీ, దేవి నెత్తిమీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయింది. దేవి ఇప్పుడు కడుపుతో ఉంది. ఎన్నిసార్లు అడిగినా దాలమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. విషయం తేలేదాకా పనిలోకి రావద్దని భీమశంకర్ ఇబ్బందిగానే చెప్పాడు.

బయటికి వస్తుంటే ఒక సేల్స్‌మన్ చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని బుగ్గలు పూరించి చూపించాడు. తక్కినవాళ్లు కిసుక్కుమన్నారు. అప్పుడు ఆమెకి తల కొట్టేసినట్టయింది. దొంగ అన్న మాట ఒక ఎత్తు. తన మూల తనదే, అక్కడ తాను ఒంటరినే అనుకున్న అన్నాళ్లూ పైనుంచి ఒక కన్ను చూస్తూనే ఉందన్నది ఇంకో ఎత్తు. స్నానాల గది తలుపు ఎవరో తీసేసినట్టు ఆమె కొంగు నిండా కప్పుకుని పర్సుడీహ్ ఆటో ఎక్కింది.

ఆ ఆటో కూర్మారావుదే. దాలమ్మ నోరు విప్పకపోయినా బిష్టుపూర్‌లో చెప్పేవాళ్లు దొరికారు. అతను దేవి చెవిన వేశాడు. దేవి గోవింద్‌పూర్‌లోని అత్తవారింటి నుంచి ఆటోలు మారి, ఆయాసపడుతూ వచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"సచ్ బోలో మా. ఏటి మింగేవంటన్నారు?"

"నానేటీ మింగనేదు."

"మరి నోట్లో ఏటి పెట్టుకున్నావు?"

దాలమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ముందు తాగు అంది. ఎండలో ఎందుకొచ్చేవంది. మొగుడు హరిప్రసాద్ బాగున్నాడా అంది. దేవి నీళ్లు తాగింది గానీ ప్రశ్న మర్చిపోలేదు.

"రేపు ఇద్దరం ఎల్దాం. ఆ వీడియో సూపించమందాం."

"వద్దే దేవీ. ఒగ్గీ. ఈ కొట్టు కాకపోతే ఇంకో కొట్టు నేదేటి."

"దొంగ పేరు మోసుకుని ఏ కొట్టుకి ఎల్తావు? నాన్న పేరు కూడా పోద్ది అమ్మా."

దొంగ పేరు పోవాలంటే ఆ బొమ్మ బయటికి రావాలి. బొమ్మ బయటికి వస్తే దేవి చూస్తుంది. దేవి చూస్తే, తన నెత్తిమీద వేసిన ఒట్టుని తల్లి గంగలో కలిపిందని తెలుస్తుంది. ఇదీ దాలమ్మకి వచ్చిన చిక్కు. కూతురికి ఇదేమీ తెలియదు. అమ్మ భయపడుతోంది, తానే ధైర్యంగా ఉండాలి అనుకుంటోంది పాపం.

మర్నాడు కొట్టు తెరవగానే ఇద్దరూ వెళ్లారు. భీమశంకర్ దేవిని చూసి లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూచోలేదు.

"మా అమ్మ వీడియో సూపించండి సార్."

"అది కొట్టుకి సంబంధించిన ఫుటేజీ అమ్మా. బయటివాళ్లకు చూపించడం కుదరదు. రూలు ఉంది."

"బయటోళ్లెవరు సార్? అందులో ఉన్నది మా అమ్మ."

"నిజమే అనుకో. కానీ రికార్డు చేసింది మేం కదా."

దేవికి ముక్కు మీద కోపం. అయినా తమాయించుకుని, నర్సు రోగితో మాట్లాడేటంత నెమ్మదిగా చెప్పింది.

"సార్, మా ఆస్పత్రిలో ఎవరికైనా ఎక్స్‌రే తీత్తే మెషీను మాదే, గది మాదే. ఫిల్ము మాత్రం రోగి చేతికిత్తాం. లోపలున్న ఒళ్లు ఆయనది కాబట్టి. దారిన పోయేవాళ్లని పిలిచి సూడండి సూడండి అనం. మీరేటి సేశారు? మీ సేల్స్‌మెన్ సూశారు, గార్డు సూశాడు, బజారంతా ఆ బొమ్మ గురించి నవ్వుతోంది. అందులో ఉన్న మనిషికొక్కర్తికే సూపించరు. యే కౌన్సా రూల్ హై?"

కౌంటరు వెనక ఎవరూ కిసుక్కుమనలేదు. భీమశంకర్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన అమ్ములపొదిలో ఇలాంటి ప్రశ్నకి రూలు లేదు. సేఠ్ దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. గద్దె మీద కూచున్న సేఠ్ దేవి పొట్టవైపు ఒకసారి, దాలమ్మ ముఖంవైపు ఒకసారి చూసి, "దిఖా దో" అని చూపించమన్నాడు.

దేవి మెట్లకింద గదివైపు నడిచింది. దాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు బయటుండు."

"క్యోం?"

"నా బొమ్మ ముందు నాను సూత్తాను. ఆ తరవాత ఎవలు సూడాలో నాను సెప్తాను."

అంతవరకు ఎవరైనా ఏదైనా అంటే తలొంచుకునే మనిషి అలా అనేసరికి దేవి గది బయటే ఆగిపోయింది. గదిలో ఎవరో ఒకరు లేకుండా కుదరదని భీమశంకర్ నసిగాడు.

"మీరు ఉండండి బాబూ, మిసను తిప్పాలి గదా. తక్కినోల్లని పంపీయండి."

గదిలో ఒక బల్ల, ఒక టీవీ. భీమశంకర్ తానే మీటలు నొక్కి ఆ మధ్యాహ్నాన్ని వెతికి పెట్టాడు. బూడిదరంగు సందు కనబడింది. అందులోకి చీపురు పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. పైనుంచి తీసిన బొమ్మ కాబట్టి ముందు కనిపించింది నడినెత్తి. పాపిట దగ్గర జుట్టు పలచబడి తెల్లగా మెరుస్తోంది. తన నడినెత్తిని దాలమ్మ జన్మలో చూసుకోలేదు.

"ఇంత ముసిల్దాన్ని అయిపోనానేటి," అంది.

బొమ్మలో ఆమె గట్టు మీద కూచుంది. ఒక పక్కకి జరిగి కూచుంది, ఇంకొకరికి చోటు వదిలినట్టు. బొడ్లోంచి చుట్ట తీసి మధ్యకి విరిచింది. ఒక ముక్కని మీటరు పెట్టె మీద పెట్టింది. ఊరికే పడెయ్యడం కాదు. పక్కనున్న మనిషి చేతికి అందేలా కొసని అటు తిప్పి మరీ పెట్టింది. దాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. సగం చుట్టే కాలుస్తానని ఆమెకి తెలుసు. రెండో సగం ఏమవుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది.

బొమ్మలో ఆమె గోడవైపు వొంగి చుట్ట వెలిగించి, మళ్లీ తిరిగి, నోటికి కొంగు అడ్డం లాక్కుంది.

"ఇక్కడికే మేం ఆపేశాం," అన్నాడు భీమశంకర్.

"ఆపకండి బాబూ."

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత బొమ్మలో ఆమె తల మీటరు పెట్టెవైపు తిరిగింది. ఏదో వింటున్నట్టు అలాగే ఉంది. ఒకసారి తలూపింది. ఇంకోసారి ఊపింది. ఉన్నట్టుండి భుజాలు అదిరాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు భీమశంకర్. కాదు. అరచేత్తో పెదాలు అదిమి పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతోంది, ఇంక చాలు ఆపు అన్నట్టు. ఎదురుగా ఉన్నది ఒట్టి మీటరు పెట్టె. నవ్వు తగ్గాక నోట్లోంచి చుట్ట తీసి గుండె నిండా ఉన్న పొగ వదిలింది. ఆ పొగ బొమ్మంతా పరుచుకుని మీటరు పెట్టెని కాసేపు కప్పేసింది. అప్పుడు పెదాలు కదిలాయి. మాట వినబడదు గానీ, ఆ మాటేమిటో గదిలో ఒక్క మనిషికి తెలుసు.

భీమశంకర్ కళ్లజోడు తీసేసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఆయనకి టీవీలో ఏమీ కనబడదు. చూడకూడనిది చూశానని ఆయనకి ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

"చుట్టా ఇది," అన్నాడు చివరికి. "ఈ మాట ఆరోజే చెబితే సరిపోయేది కదమ్మా."

"సెప్పకూడదు బాబూ. మా గుంట మీద ఒట్టుంది."

ఒట్టు సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన విని కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వు మింగింది ఏమీ లేదని సేఠ్‌కి నేను చెబుతాను. ఏం చూశానో మాత్రం చెప్పను. మీ అమ్మాయికీ చెప్పను. అది నీ ఇష్టం," అన్నాడు.

దాలమ్మకి కావలసినదీ అదే. దొంగ పేరు పోయింది, ఒట్టు సంగతి గుట్టుగా మిగిలింది. లేచి బయటికి నడిస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆమె లేవలేదు. ఆగిపోయిన బొమ్మలో పక్కకి జరిగి కూచున్న ఆ ముసలామెనే చూస్తోంది. నాన్న పోయాక అమ్మ నవ్వడం దేవి చూడలేదు. అమ్మ కూడా చూసుకోలేదు. ఇన్నాళ్లకి కనబడింది, దొంగతనం అంటగడితే కనబడింది. దీన్ని ఒక్కర్తే చూసి పోవడం దాలమ్మకి మనసొప్పలేదు.

"మా గుంటని పిలండి బాబూ."

దేవి వచ్చి కుర్చీలో కూచుంది. భీమశంకర్ బొమ్మని మొదటికి తిప్పిపెట్టి, తానే గది బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. రూలు సంగతి ఆయనకి గుర్తుండే ఉంటుంది.

చుట్ట కనబడగానే దేవి ముఖం మాడిపోయింది. తల్లి చేతిలోంచి తన చెయ్యి లాగేసుకుంది.

"మా, తూనే కసమ్ ఖాయీ థీ."

"అవును, ఒట్టేసేను. తప్పేను. ఎంత తిట్టినా తిట్టు. ముందు మొత్తం సూడు."

దేవి తిట్టడానికి తయారుగా చూసింది. బొమ్మలో తల్లి చుట్టని విరిచి, సగాన్ని మీటరు పెట్టె మీద పెట్టింది. దేవి ముందుకి వొంగింది. చిన్నప్పుడు పెరట్లో బండ మీద అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని కూచున్న పిల్ల అది. ఆ విరవడం ఎవరిదో, ఆ సగం ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. నవ్వు మొదలయ్యేసరికి ఆమె చెయ్యి తల్లి చెయ్యిని వెతుక్కుంది. పొగ అయిపోయి సందు మళ్లీ ఖాళీ అయ్యాక, మీట ఎక్కడుందో తానే చూసి, ఇంకోసారి వేసింది.

"ఏటమ్మా, అంతలా నవ్వుతన్నావు?" అంది. ఆ మాట తెలుగులోనే వచ్చింది.

"నాకేటి తెల్సు. ఫోర్‌మన్ నడక సూపించుంటాడు."

దేవికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పొట్ట అడ్డమై తల్లిని కావలించుకోవడానికి కుదరక, పక్కనుంచే భుజం మీద తల ఆనించింది. కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, తల్లి చెయ్యి ఎత్తి మళ్లీ తన నెత్తిమీద పెట్టుకుంది. దాలమ్మ భయపడింది.

"చుట్ట మానీ అమ్మా," అంది దేవి. "మాటాడ్డం మానకు."

ఆ ఒట్టు దాలమ్మ తప్పలేదు.

ముక్కుపుడక తరవాత దొరికింది. నగలు పరిచి చూపే ముఖ్‌మల్ అట్ట కుట్టు విడిపోతే దాని లోపలికి జారిందట. సేఠ్ లడ్డూల డబ్బా పంపించాడు. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్న సేల్స్‌మన్ వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. దాలమ్మ అతని చేతిలో ఒక లడ్డూ పెట్టి, తానప్పుడే ఊడ్చిన దుమ్ములో నడిచి పాడుచెయ్యకుండా అవతలికెళ్లమంది.

భీమశంకర్ నిచ్చెన వేయించి వెనక సందు కెమెరాని తలుపువైపు తిప్పించాడు. తరవాత దాలమ్మని టీవీ ముందుకి పిలిచి, గట్టు గానీ మీటరు పెట్టె గానీ బొమ్మలో లేవని చూపించాడు. పాత బొమ్మ కొన్నాళ్లకి దానంతట అదే చెరిగిపోతుందని, దేవికి కావాలంటే సీడీలో ఎక్కించి ఇస్తానని కూడా అన్నాడు. రూలు మనిషి అంతదూరం రావడం విశేషమే. దాలమ్మ ఆలోచించి వద్దంది. అది మేం ముగ్గురం చూసేశాం, చాలు అంది. ముగ్గురంటే ఎవరెవరని భీమశంకర్ అడగలేదు. కొట్టులో కొత్తగా ఎవరు పనికి చేరినా దాలమ్మ మొదటిరోజే వాళ్లని వెంటబెట్టుకుని తిరిగి, ఇది బల్బు కాదు, అది బల్బు కాదు అని ఒక్కో కెమెరానీ పరిచయం చేసేది.

మధ్యాహ్నం సందులోకి వెళ్లడం మాత్రం మానలేదు. ఇప్పుడు చుట్టని విరవడం లేదు. మొత్తం చుట్టనీ మీటరు పెట్టె మీద పెట్టి, పక్కకి జరిగి కూచుని, నోరారా మాట్లాడేది. మర్నాటికి ఆ చుట్ట అక్కడ ఉండేది కాదు. ఒకనాడు కొట్టు గార్డు ఆమె ఎదురుపడి బుర్ర గోక్కుంటూ నిజం చెప్పేశాడు. ఇన్నేళ్లూ ఆ సగాలు కాల్చింది తానేనట. మొదట్లో ఎవరు పెడుతున్నారో తెలియక, దొరికింది కదా అని కాల్చాడట. ఈమధ్య మొత్తం చుట్ట దొరుకుతుంటే, తన సంగతి తెలిసిపోయిందేమోనని భయమేసిందట. బొమ్మంతా చూస్తే తానూ బయటపడతానని, ఆరోజు టీవీ కట్టెయ్యమని తొందరపెట్టింది కూడా తానేనట.

దాలమ్మకి ఒళ్లు మండాలి. మండలేదు. మీటరు పెట్టెవైపు ఒకసారి చూసింది.

"కాల్చుకో నాయనా," అంది. "మా మావకి ఒక్కడే కూకుని కాల్చడం ఎప్పుడూ ఇష్టం నేదు."